టోక్యోలో మనవాళ్లకి ఇల్లు ఇస్తారా, చెత్త గొడవ నిజమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: హైదరాబాద్ నుంచి టోక్యో ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ అయింది. భార్య, నాలుగేళ్ల పాప మీతోపాటు వస్తారు. మొదటి నెల బస కంపెనీ చూస్తుంది, ఆ తర్వాత ఇల్లు మీరే వెతుక్కోవాలి. "విదేశీయులకి ఇల్లు ఇవ్వరట, చెత్త తప్పుగా వేస్తే పోలీసులొస్తారట, శాకాహారులు బతకలేరట, ఇవన్నీ నిజమేనా? రావాలా, మానాలా?" అని అడిగారు.

రండి. చెత్తకి పోలీసులెవరూ రారు. ఇల్లు దొరుకుతుంది, కాకపోతే మీరనుకున్నదానికంటే డబ్బూ ఓపికా ఎక్కువ పడతాయి. తిండికి ఇంట్లో ఏ లోటూ ఉండదు, తంటా అంతా బయటే. అసలు కష్టం మీ జాబితాలో లేదు. ఇక్కడ మీరు తప్పు చేస్తే మొహాన ఎవరూ చెప్పరు. మన దగ్గరైతే కింది పోర్షన్ ఆవిడ మెట్ల దగ్గరే నిలబడి "ఏమ్మా, పొద్దున్నే ఏంటా చప్పుడు?" అని కేకేస్తుంది. మనకి కోపమొస్తుంది, తర్వాత సర్దుకుంటాం, సాయంత్రానికి మళ్లీ మామూలే. ఇక్కడ ఆ కేక వినపడదు. దాని బదులు ఎప్పుడో ఒక కాగితం వస్తుంది. అదీ మన పేరు మీద రాదు.

నా సంగతే చెప్తాను. వచ్చి పన్నెండేళ్లు దాటింది. మొదటి ఐదేళ్లు టోక్యోలోని నిషికసాయ్‌లో ఉన్నాం, ఇప్పుడు టోక్యో పక్కనున్న కవాసాకిలో ఉంటున్నాం. వచ్చిన కొత్తలో రోజూ పొద్దున ఆరుంబావుకి మిక్సీలో చట్నీ వేసేదాన్ని. రెండు నెలల తర్వాత పోస్టుబాక్సులో ఒక కాగితం కనపడింది. బిల్డింగ్ చూసుకునే కంపెనీ, అంటే కన్‌రి గైషా వాళ్లది. మా అంతస్తులో అన్ని బాక్సుల్లోనూ అదే కాగితం ఉంది. మర్నాడు ఆఫీసుకి తీసుకెళ్లి పక్క సీటు ఆవిడతో చదివించుకున్నాను. "నివాసులందరికీ మనవి. ఉదయం 6, 7 గంటల మధ్య యంత్రం చప్పుడు వస్తోందని తెలియవచ్చింది. దయచేసి పరస్పరం గమనించుకోగలరు" అని ఉందట. అయ్యో, ఎవరో గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నట్టున్నారు అన్నాను. ఆవిడ కాసేపు కాగితం వైపే చూసి, చాలా మెల్లిగా, "ఆ టైములో మీ ఇంట్లో ఏం చేస్తుంటారు?" అంది. అప్పుడు వెలిగింది.

ఆ ఆదివారం కింది ఇంటాయనకి స్వీట్ల డబ్బా పట్టుకెళ్లి సారీ చెప్పాను. "అబ్బే, నాకేం వినపడలేదే" అన్నాడాయన. డబ్బా మాత్రం రెండు చేతులతో తీసుకున్నాడు. అప్పట్నుంచి మిక్సీ కింద తువ్వాలు నాలుగు మడతలు వేసి పెట్టి, చట్నీ ముందురోజు సాయంత్రమే వేసుకుంటున్నాను.

కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి. "అందరికీ" అని రాసి వచ్చిన కాగితం మనకే అనుకుని చదవాలి. జపనీస్ రాదని పక్కన పడేయకండి. ఫోన్ కెమెరా పెడితే అనువాదం అదే చేస్తుంది.

ఇక ఇంటి విషయం. విదేశీయులకి ఇవ్వరన్న మాటలో నిజముంది. 2017లో జపాన్ న్యాయశాఖ బయటపెట్టిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది కేవలం విదేశీయులు కావడం వల్లే ఇల్లు దొరకలేదని చెప్పారు. కొత్తగా వచ్చిన మనవాళ్లతో నేను ఇల్లు చూడ్డానికి వెళ్తుంటాను. ప్రతిసారీ జరిగేది ఒకటే. ఏజెంటు మన ఎదురుగానే ఓనరు తరఫువాళ్లకి ఫోన్ చేస్తాడు. "విదేశీ కస్టమరుగారు వచ్చారు" అనే మొదలుపెడతాడు. ఏ దేశం, ఏ కంపెనీ, జపనీస్ వచ్చా అని అవతలివాళ్లు అడుగుతారు. ఏజెంటు ఫోన్ పెట్టేసి, తల కాస్త పక్కకి వంచి, పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీల్చి, "చొత్తో..." అంటాడు. చొత్తో అంటే "కొంచెం" అని అర్థం. కొంచెం ఏమిటో చెప్పడు. మన దగ్గర పెళ్లిసంబంధం వాళ్లు "చూద్దాం లెండి" అన్నట్టన్నమాట. ఆ మాటతో ఆ ఇల్లు అయిపోయింది. ఎందుకని గుచ్చిగుచ్చి అడక్కండి, ఇంకో ఇంటి కాగితం తియ్యమనండి. పది ఫోన్లు చేస్తే మూడు నాలుగు ఇళ్లు తెరుచుకుంటాయి.

కోపం రావడం సహజమే, నాకూ వచ్చేది. కానీ ఓనరు భయం ఎక్కడిదో తెలిస్తే మన పని సులువవుతుంది. ఇక్కడ అద్దె చట్టం కిరాయిదారు పక్షం. ఒకసారి లోపలికొచ్చినవాళ్లని సరైన కారణం లేకుండా ఓనరు ఖాళీ చేయించలేడు. అందుకే వడపోత అంతా గుమ్మం దగ్గరే జరుగుతుంది. అద్దె ఎగ్గొట్టి దేశం దాటిపోతారేమో, రాత్రిపూట పైపు పగిలితే మాట అర్థమయ్యేలా చెప్పగలరా, వాళ్ల అసలు బెంగ ఇదే. కాబట్టి ఏజెంటు దగ్గరికి కంపెనీ జీతం లెటరు, జైర్యూ కార్డు (ఎయిర్‌పోర్టులో ఇచ్చే నివాస కార్డు), జపనీస్ మాట్లాడగల ఒక సహోద్యోగి ఫోన్ నంబరు, ఈ మూడూ పట్టుకెళ్లండి. నా అనుభవంలో ఆ మూడోది మిగతా రెంటికంటే బాగా పనిచేస్తుంది.

డబ్బు సంగతి చూద్దాం. అద్దె నెలకి లక్షన్నర యెన్‌లు అనుకుందాం. తాళం చేతికొచ్చేలోపు పడే ఖర్చు ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది. అడ్వాన్సు, దాన్ని షికికిన్ అంటారు, ఒక నెల అద్దె. రెయికిన్ ఇంకో నెల. ఇది ఓనరుకి కృతజ్ఞతగా ఇచ్చే డబ్బు, తిరిగి రాదు. ఎవరికి కృతజ్ఞత, దేనికి అని అడగొద్దు, ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడలేదు. ఏజెంటుకి ఒక నెల, పైన 10 శాతం పన్ను. హామీ కంపెనీకి, అంటే హోషో గైషాకి సగం నెల. మొదటి నెల అద్దె ముందే కట్టాలి. అగ్నిప్రమాద బీమాకి, తాళం మార్చినందుకు చెరో 20 వేలు వేసుకోండి. మొత్తం 7 లక్షల 30 వేల యెన్‌లు, దగ్గరదగ్గర ఐదు నెలల అద్దె. ఇందులో తిరిగొచ్చే ఆశ ఉన్నది షికికిన్ ఒక్కటే. టోక్యో చుట్టుపక్కల రెండేళ్లకోసారి అగ్రిమెంటు కొనసాగించడానికి ఇంకో నెల అద్దె అడుగుతారు, దాని పేరు కోషిన్‌ర్యో.

ఇవన్నీ భారమనిపిస్తే యూఆర్ ఇళ్లు చూడండి. ప్రభుత్వ సంస్థవి. రెయికిన్ లేదు, ఏజెంటు ఫీజు లేదు, హామీదారు అక్కర్లేదు, కోషిన్‌ర్యో లేదు. అడ్వాన్సు మాత్రం రెండు నెలలు కట్టాలి, జీతం వాళ్లు పెట్టిన లెక్కకి తగ్గకూడదు. జైర్యూ కార్డు సరిగ్గా ఉంటే ఏ దేశమని అడగరు. ముందొచ్చినవాళ్లకి ముందు. బిల్డింగులు చాలావరకు పాతవే, వంటగది చిన్నది, కానీ గోడలు కాంక్రీటు. చిన్నపిల్ల ఉన్న ఇంటికి ఆ కాంక్రీటు విలువ తర్వాత తెలుస్తుంది. సన్నటి చెక్క ఇళ్లలో పాప పరిగెత్తితే కింద డప్పు వాయించినట్టు ఉంటుంది, మళ్లీ "అందరికీ" కాగితం.

ప్రకటనలు చదివేటప్పుడు ఒకటి రెండు గమనించండి. "స్టేషన్ నుంచి 10 నిమిషాలు" అంటే నిమిషానికి 80 మీటర్ల చొప్పున లెక్కేసినది. సిగ్నళ్లు, పాపని ఎత్తుకున్న చెయ్యి, వర్షం ఆ లెక్కలో లేవు. బిల్డింగుకి 1981 జూన్ తర్వాత అనుమతి వచ్చిందా లేదా అడగండి. భూకంపాలకి తట్టుకునే కొత్త నిబంధన అప్పుడే అమల్లోకొచ్చింది. ఇది మొహమాటపడే ప్రశ్న కాదు, జపాన్‌వాళ్లూ అడుగుతారు.

చేరిన రోజే ప్రతి గోడా, ప్రతి గీతా ఫోటో తీసి పెట్టుకోండి. 2020 ఏప్రిల్‌లో సివిల్ కోడ్ మారింది. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకి కిరాయిదారు డబ్బు కట్టక్కర్లేదని ఇప్పుడు చట్టంలోనే ఉంది. కానీ పోపు నూనె పట్టి పచ్చబడ్డ వాల్‌పేపరు మామూలు వాడకమా కాదా అన్నదే పేచీ. మా మొదటి ఇల్లు ఖాళీ చేసినప్పుడు షికికిన్‌లో సగం దానికే పోయింది. ఇప్పుడు పొయ్యి వెనక నూనె పడకుండా రేకు అంటిస్తాను, వంద యెన్‌ల షాపులో దొరుకుతుంది. వంట మొదలుపెట్టకముందే ఫ్యాన్ వేస్తాను.

అన్నట్టు, ఏరియా గురించి అడగలేదు గానీ చెప్తాను. ఎదొగవా వార్డులో నిషికసాయ్ మనవాళ్ల పేట. వైటూకే పనికని (2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పని) 2000 ప్రాంతంలో వచ్చిన ఇంజినీర్లు ఆఫీసులకి నేరుగా వెళ్లే తోజాయ్ మెట్రో లైను మీద ఉందని అక్కడ దిగారు, ఆ తర్వాత వచ్చినవాళ్లూ అక్కడే చేరారు. ఇండియన్ స్కూలు, సరుకుల షాపులు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. మొదటి ఏడాది మీ ఆవిడకి తోడుంటుంది. కానీ అక్కడే ఉంటే జపనీస్ రాదు. నాకు ఐదేళ్లలో రానిది కవాసాకిలో ఒక్క ఏడాదిలో వచ్చింది.

చెత్త గురించి. ఏదో పెద్ద శాస్త్రమన్నట్టు చెప్తారు గానీ, మీ వార్డు ఇచ్చే ఒక క్యాలెండరు, అంతే. చాలా వార్డుల్లో ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. కాలే చెత్త వారానికి రెండుసార్లు, కాలనిది నెలకి రెండుసార్లు, సీసాలూ డబ్బాలూ కాగితాలూ వారానికోసారి. ఆ రోజు పొద్దున ఎనిమిదిలోపు పెట్టాలి. ముందురాత్రి పెడితే తెల్లారేసరికి కాకులు చీల్చి వీధంతా పరుస్తాయి. టోక్యో కాకుల్ని తక్కువ అంచనా వేయకండి. సంచి మీద వల కప్పుతారు కదా, ఆ వలని ముక్కుతో లాగి మడతపెట్టడం వాటికి వచ్చు.

వార్డు మారితే లెక్క మారుతుంది, అక్కడే అందరూ బోల్తాపడేది. ఒక వార్డులో కాలే చెత్తలో వేసే ప్లాస్టిక్‌ని పక్క వార్డులో విడిగా కడిగి ఇవ్వాలి. నీళ్ల బాటిలైతే మూత తీసి, లేబులు ఒలిచి, కడిగి, నొక్కి పెట్టాలి. వేయించిన నూనె సింకులో పోయకూడదు. దాన్ని గట్టిపరిచే పొడి సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది. నూనె వేడిగా ఉండగానే కలిపితే చల్లారాక గడ్డకట్టి అట్టులా లేచొస్తుంది, దాన్ని కాలే చెత్తలో వేయాలి. దీపావళికి గారెలూ అరిసెలూ అయ్యాక మా ఇంట్లో రెండు పెద్ద అట్లు లేస్తాయి.

తప్పు చేస్తే ఏమవుతుందంటే, లారీవాళ్లు సంచిని తీసుకెళ్లకుండా దానికో స్టిక్కరు అంటించి అక్కడే వదిలేస్తారు. మిగతా సంచులన్నీ పోయి, ఖాళీ వల కింద మనదొక్కటే మిగులుతుంది, పారదర్శకమైన సంచి కాబట్టి లోపల కరివేపాకు రెబ్బలు కనపడుతూ. అది ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు, అయినా ఒక్కరూ అడగరు. మాది అలా మిగిలిన రోజున ఎదురింటి ముసలావిడ చీపురుతో దాని చుట్టూ శుభ్రంగా ఊడ్చింది, సంచిని మాత్రం ముట్టుకోలేదు. సాయంత్రం తలవంచుకుని వెనక్కి తెచ్చుకున్నాను. మర్నాడు క్యాలెండరు పట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్లి ఇది ఎందులో వేయాలని సైగలతో అడిగాను. ఇరవై నిమిషాలు నిలబెట్టి ఒక్కో గడీ చూపించి చెప్పింది. అడిగితే ఇంత ఓపిగ్గా చెప్పే మనుషులు అడక్కపోతే ఏళ్లతరబడి ఊరుకుంటారు. ఇందుకే కొత్తవాళ్లందరికీ ముందే వెళ్లి అడగండి అంటాను. చేరిన వారంలో రెండు పక్కల ఇళ్లకీ, పైకీ కిందకీ ఒక చిన్న తువ్వాలో బిస్కెట్ల ప్యాకెట్టో, 500 నుంచి 1000 యెన్‌లలోపుది, ఇచ్చి "పాప ఉంది, చప్పుడైతే చెప్పండి" అనండి. వాళ్లు చెప్పరు, అది వేరే సంగతి. కానీ మీరు అన్నారన్నది గుర్తుంచుకుంటారు.

ఏదైనా ఒక పక్క 30 సెంటీమీటర్లు దాటే సామానుని టోక్యో 23 వార్డుల్లో మామూలు చెత్తలో పెట్టకూడదు. ఫోన్లోనో ఆన్‌లైన్లోనో బుక్ చేసుకుని, కన్వీనియెన్స్ స్టోర్లో స్టిక్కరు కొని అంటించి, చెప్పిన రోజున బయటపెట్టాలి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీ ఇలా కూడా తీసుకోరు, వాటికి విడిగా రీసైక్లింగ్ చట్టం ఉంది, డబ్బు కట్టాలి. తిరుగు ప్రయాణం ముందు నెలరోజులైనా చేతిలో ఉంచుకోండి. ఎదురు డబ్బిచ్చి ఫ్రిజ్ వదిలించుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

తిండి. ఇంట్లో మీకేం ఢోకా లేదు. మినప్పప్పు, కందిపప్పు, సోనామసూరి నిషికసాయ్‌లోనూ షిన్-ఓకుబోలోనూ దొరుకుతాయి, ఆన్‌లైన్లోనూ వస్తాయి. ఇక్కడి జిగురు బియ్యం పులిహోరకి పనికిరాదు గానీ పెరుగన్నానికి దాన్ని మించింది లేదు. చలికాలం ఇడ్లీ పిండి పొంగదు. ఇళ్లలో రాత్రిపూట హీటరు ఆపేస్తే ఫ్రిజ్‌కీ గదికీ తేడా ఉండదు. మేం పిండి గిన్నెని కొటాట్సు కింద పెడతాం. అంటే అడుగున హీటరు, పైన దుప్పటి ఉండే పొట్టి బల్ల. పొద్దుటికి గిన్నె మూత లేచిపోతుంది.

బయట ఇబ్బంది మాంసంతో కాదు, దషితో. ఎండబెట్టిన చేప తురుముతో చేసే రసం అది. ఉడోన్, సోబా నూడుల్స్, మిసో సూప్, ఉడికించిన కూరగాయలు, గుడ్డట్టు, అన్నింటికీ ఆధారం అదే. "మాంసం వద్దు" అంటే ముక్కలు ఏరేసి, అదే పులుసు నవ్వుతూ తెచ్చిపెడతారు. మోసం కాదు, వాళ్ల లెక్కలో దషి చేప కాదు, రుచి. అందుకని "నికు, సకనా, దషి, తబెరారెమాసెన్" అని మూడు పేర్లూ విడివిడిగా చెప్పండి. సూపర్‌మార్కెట్లో దొరికే కూర పొడి బిళ్లల్లో చాలావాటిలో జంతు కొవ్వు ఉంటుంది. ప్యాకెట్ల మీద ఎలర్జీ పట్టికలో గుడ్డు, పాలు, రొయ్య, పీత తప్పనిసరిగా రాస్తారు గానీ మాంసం, చేప అలా కాదు. పట్టికలో లేదని నమ్మకుండా మొత్తం పదార్థాలు చదవాలి. గుడ్డు తినేవాళ్లయితే సగం బాధ తీరినట్టే. అదీ తినకపోతే పాప కోసం బ్యాగులో ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టుకుని తిరగండి.

మిగతావి గబగబా చెప్తాను. ఇంట్లో చేరిన 14 రోజుల్లో వార్డు ఆఫీసుకి (కుయకుషో) వెళ్లి చిరునామా నమోదు చేయించాలి, కార్డు వెనక రాసిస్తారు. ఇల్లు మారిన ప్రతిసారీ ఇదే. జైర్యూ కార్డు ఎప్పుడూ వెంట ఉండాలి, చట్టం అది. కిండర్‌గార్టెన్‌కి 3 నుంచి 5 ఏళ్ల పిల్లల ఫీజుని 2019 అక్టోబర్ నుంచి ప్రభుత్వమే భరిస్తోంది, మనకీ వర్తిస్తుంది. ప్రైవేటువైతే ఒక పరిమితి వరకే. చేర్చేముందు క్రేయాన్ పెన్సిల్ ఒక్కోదాని మీదా పాప పేరు రాసివ్వమంటారు, ఆశ్చర్యపోకండి. మీ ఆవిడ డిపెండెంట్ వీసా మీద వస్తే అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకు పనిచేయొచ్చు. పెన్షన్ విషయంలో భారత్-జపాన్ ఒప్పందం 2016 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఇండియా జీతం మీద పంపుతున్నారా, ఇక్కడి కంపెనీలో చేరుస్తున్నారా అన్నదాన్ని బట్టి రెండు చోట్లా కట్టాలా వద్దా తేలుతుంది. బయల్దేరేముందే హెచ్‌ఆర్‌ని అడగండి.

భాషకి భయపడకండి. వాక్యం మనలాగే చివర క్రియతో ముగుస్తుంది. "నేను అన్నం తిన్నాను" వరుస మార్చకుండా "వతాషి వ గోహాన్ ఓ తబెమాషిత" అవుతుంది. మన "గారు" స్థానంలో "సాన్" పెడితే చాలు. మన పేరుకి మనం గారు తగిలించుకోనట్టే సాన్ కూడా తగిలించుకోకూడదు.

సామాను కట్టేటప్పుడు చికెన్ పచ్చడి, గోంగూర మటన్ లాంటివి పెట్టకండి. మాంసం ఏ రూపంలో ఉన్నా తేకూడదు, జరిమానా ఉంది. కరివేపాకు మొక్క, పచ్చి మామిడికాయలు కూడా వద్దు. డాక్టరు రాసిన మందులు నెలకి మించి తెస్తే ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే అసలే తేకూడదు, పట్టీ వెనక చూసుకోండి. కరెంటు 100 వోల్టులు. మన మిక్సీ తెస్తే ట్రాన్స్‌ఫార్మరు కావాలి, నేను అలాగే నడిపాను. గ్రైండరు తేవద్దు, చెప్పాగా, కింది ఇంటాయన ఉంటాడు.

ఇంకొక్కటి. తాళం తీసుకున్న రోజు పగటిపూటే ఆ ఇంటికి వెళ్లండి. గ్యాస్ కనెక్షన్‌కి మనిషి వచ్చేటప్పుడు మీరు ఇంట్లో ఉండాలి, ముందే టైము బుక్ చేసుకోండి. చాలా ఇళ్లలో సీలింగుకి ఉత్త సాకెట్ తప్ప లైటు ఉండదు, మనమే కొనుక్కోవాలి. మేం చేరింది డిసెంబరులో, సాయంత్రం ఐదుకల్లా చీకటి పడింది. మొదటి రాత్రి ఫోన్ టార్చి వెలుతురులో అటుకులూ పెరుగూ తిన్నాం.